మారిషస్ క్రియోల్ వికీపీడియా: స్పెల్లింగు తేల్చుకోవడం నుంచి స్వతంత్ర వికీ దాకా ఒక కేస్ స్టడీ

మారిషస్‌లో ఇంటి మాట క్రియోల్, అంటే ఎక్కువగా ఫ్రెంచి మాటల మీద పెరిగిన మిశ్రమ భాష. జనగణనలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఇంట్లో మాట్లాడే భాషగా దాన్నే రాయించారు. బడిలో పాఠాలు మాత్రం ఇంగ్లీషులో సాగుతాయి, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి. అంటే క్రియోల్ మాట్లాడే మనిషికి చదవడమంటే చిన్నప్పటి నుంచీ ఇంకో భాషలో చదవడమే. పాతిక లక్షలకు పైగా వ్యాసాలున్న ఫ్రెంచి వికీపీడియా అతని ఫోన్లోనే ఉంది. అలాంటి పాఠకుడు క్రియోల్ వికీపీడియాకు ఎందుకు రావాలి? ఆ వికీని మొదటి నుంచి ఎలా కట్టాలన్న ఈ కేసులో ప్రతి నిర్ణయమూ ఈ ప్రశ్న నుంచే పుట్టాలి.

ఆ ప్రశ్న వేసుకోకుండా మొదలైన చిన్న వికీలు దాదాపు అన్నీ ఒకే దారిన పోయాయి. సంవత్సరాల మీద, దేశాల మీద, ఊళ్ల మీద ఒక వాక్యం, ఒక పట్టిక ఉన్న మొలకలు వేలల్లో పేరుకుపోతాయి. హైతీ క్రియోల్ వికీపీడియా చూడండి. వ్యాసాల సంఖ్య పదుల వేలల్లో ఉంటుంది, కానీ తెరిచి చూస్తే చాలా పేజీల్లో చదవడానికి ఏమీ దొరకదు. తెలుగు వికీపీడియాలో బాటుతో (తనంతట తాను దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాముతో) సృష్టించిన గ్రామాల పేజీలను ఏళ్ల తరబడి విస్తరిస్తూ వచ్చినవాళ్లకు ఈ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. పక్కనే పెద్ద భాష ఉన్న క్రియోల్‌కు ఇది మరీ ప్రమాదం. ఒకసారి వచ్చి మొలక చూసి వెళ్లిపోయిన పాఠకుడు రెండోసారి రాడు.

అందుకే లక్ష్యం మొదటి 300 వ్యాసాలు, ఒక్కోటి కనీసం 200 పదాలు, కనీసం రెండు మూలాలు. అందులో సగం మారిషస్ సంగతులే ఉండాలి: సెగా సంగీతం, తుపాను హెచ్చరికల తరగతులు, చెరకు, దీవిలోని మొక్కలు, పక్షులు, ఊళ్లు, రొడ్రిగ్స్, చాగోస్ దీవులు. ఫ్రెంచి వికీలో ఇవి ఉన్నా పైపైన ఉంటాయి. మిగిలిన సగంలో ఎక్కువ భాగం పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడిలో వచ్చే విషయాలు. వికీ ప్రాజెక్టులన్నింటి ఉమ్మడి వ్యవహారాలు నడిచే మెటా వికీలో 'ప్రతి వికీపీడియాలోనూ ఉండాల్సిన వెయ్యి వ్యాసాలు' అన్న జాబితా ఒకటుంది. దాన్ని పై నుంచి కిందికి వరుసగా రాసుకుంటూ పోవడం తేలిక, కానీ అనవసరం. అందులోంచి యాభై అరవై ఏరుకుంటే మొదటి ఏడాదికి చాలు.

ముందు రాత

క్రియోల్ భాషల్లో ఎక్కువ వికీలు ఇక్కడే తడబడతాయి. మారిషస్ క్రియోల్‌ను రాయడం కొత్త కాదు. 1822లోనే అచ్చులో పద్యాలు వచ్చాయి. కానీ ఒక్కొక్కరూ ఒక్కో తీరున రాశారు. 1960ల చివర్లో కవి, నాటకకర్త దేవ్ విరాసామి ఫ్రెంచి వేషం తీసేసిన లిపి పద్ధతి కావాలని వాదించారు. తర్వాత లెదికాస్యోన్ పు త్రవాయేర్ అనే సంస్థ తన పద్ధతిలో వయోజన విద్యా పుస్తకాలు, నిఘంటువు వేసింది. ప్రభుత్వం కోరగా వినేష్ హుకుంసింగ్ బృందం 2004లో 'గ్రాఫి లార్మొని' అనే సయోధ్య పద్ధతిని ప్రతిపాదించింది. 2009లో అర్నో కార్పూరన్ ఏకభాషా నిఘంటువు వచ్చింది. 2010లో క్రియోల్ భాషకు అకాదెమి ఏర్పడింది, 2011లో అధికారిక వర్ణక్రమం వెలువడింది, 2012 జనవరిలో ప్రాథమిక పాఠశాలల్లో క్రియోల్ ఐచ్ఛిక భాషగా అడుగుపెట్టింది.

ఈ తేదీల్లో వికీకి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2012లో ఒకటో తరగతిలో క్రియోల్ తీసుకున్న పిల్లలు ఇప్పుడు పద్దెనిమిది దాటారు. తమ భాషను బడిలో, ఒకే వర్ణక్రమంతో, చదవడం రాయడం నేర్చుకున్న మొదటి తరం వాళ్లే. వాళ్ల కంటే పెద్దవాళ్లు క్రియోల్‌ను ఎంత చక్కగా మాట్లాడినా, రాయమంటే ఫ్రెంచి చూసి రాస్తారు లేదా ఫోన్ మెసేజీల స్పెల్లింగులో రాస్తారు. వాడుకరులను వెతకాల్సింది ముందు ఆ కుర్రవాళ్లలోనే.

అధికారిక వర్ణక్రమాన్ని వికీ రాతపద్ధతిగా తీసుకోవడంలో తర్జనభర్జన అక్కర్లేదు. దాన్ని ఒక్క పేజీలో రాసిపెట్టాలి. అందులో ఉండాల్సినవి ఇవి: క-ధ్వనికి 'కె' ఒక్కటే, ఫ్రెంచిలోలా 'సి', 'క్యూ' ఉండవు. 'సి' కనిపిస్తే దాని పక్కన 'హెచ్' ఉండాలి. అక్షరాల నెత్తిన గుర్తులుండవు. ఫ్రెంచిలో విడిగా ఉండే ఉపపదం ఇక్కడ నామంలో కలిసిపోయింది, కాబట్టి ఇల్లు అంటే 'లకాజ్', బడి అంటే 'లెకోల్', మధ్యలో అపాస్ట్రఫీ రాదు. ఊకారానికి 'ఓ-యు' రాస్తాం, లెదికాస్యోన్ పుస్తకాల్లోలా ఒంటి 'యు' కాదు.

అందరూ తప్పే చోటు మరొకటి: 'ఎన్' ఒకటా, రెండా. అచ్చు ముక్కుతో పలికితే ఒక 'ఎన్', నకారం విడిగా స్పష్టంగా పలికితే రెండు. బహువచనం చేసే 'బాన్', ఒకటి అనే 'ఎన్', సెగాలో వాయించే 'రవాన్' అన్నింటికీ చివర రెండు 'ఎన్'లు ఉండాలి. కొత్త వాడుకరుల దిద్దుబాట్లలో చాలా సవరణలు దీనికే పోతాయి. రెండు 'ఎన్'ల పదాలు ముప్పై నలభై ఒక పట్టికగా రాసి స్వాగత సందేశంలోనే పెడితే పని తగ్గుతుంది.

రాజధాని పోర్ట్ లూయిస్ పేరు దగ్గర ఇంకో చిక్కు. బోర్డుల మీద ఇంగ్లీషు స్పెల్లింగు ఉంటుంది. క్రియోల్ వర్ణక్రమంలో అదే పేరు ఒకే మాటగా, 'డబ్ల్యు' పెట్టి, పలికినట్టే ఉంటుంది. చెవికి తేడా ఉండదు, కంటికి మాత్రం రెండు వేరు పేర్లు. పేజీ పేరు క్రియోల్ రూపంలో ఉంచి, అధికారిక రూపం వెతికినా అదే పేజీ తెరుచుకునేలా దారిమార్పు ఇవ్వడం మంచిది. మొదటి వాక్యంలో రెండు రూపాలూ ఉండాలి. మనుషుల పేర్లను మాత్రం ముట్టుకోకూడదు, ఎవరు ఎలా రాసుకుంటే అలాగే. పాత రచనల నుంచి ఇచ్చే ఉల్లేఖనలు, పుస్తకాల పేర్లు కూడా అంతే. వీటికోసం ఒక చిన్న మూస (పేజీల్లో తిరిగి తిరిగి వాడుకునే టెంప్లేట్) చేసి ఉల్లేఖనను అందులో పెడితే, తర్వాత ఎవరైనా బాటుతో స్పెల్లింగు సరిచేసినప్పుడు ఆ భాగాన్ని వదిలేయమని చెప్పడం తేలికవుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే 1880 నాటి వాక్యం కూడా 2011 వర్ణక్రమంలోకి మారిపోతుంది, ఉల్లేఖన అబద్ధమవుతుంది.

ప్రతి వ్యాసానికీ రెండు నుంచి నాలుగు దారిమార్పులు సృష్టించాలి: ఫ్రెంచి స్పెల్లింగు, పాత 'యు' స్పెల్లింగు, బడిలో నేర్చిన ఇంగ్లీషు పదం. వెతికేవాళ్లు ఏ రూపం కొడతారో మన చేతిలో లేదు. పాత పద్ధతిలో రాసే వాడుకరిని చర్చ పేజీలో మందలించడం వల్ల ఒరిగేదేమీ లేదు, మనిషి పోతాడు. విషయం బాగుంటే ఉంచుకుని, అక్షరాలు మనమే సరిచేసి, దిద్దుబాటు సారాంశంలో రాతపద్ధతి పేజీ లింకు ఇస్తే చాలు.

కరిబియన్‌లో పాపియమెంటో అనే క్రియోల్ భాషది ఇంకా గట్టి సమస్య. అరూబాలో పదాల పుట్టుకను బట్టి నడిచే వర్ణక్రమం, కురసావ్‌లో ధ్వనిని బట్టి నడిచేది, రెండూ అధికారికమే. అక్కడ ఒక వ్యాసంలో మొదట వాడిన పద్ధతినే చివరిదాకా ఉంచడం తప్ప మార్గం లేదు. మారిషస్‌కు ఆ అవస్థ లేకపోవడం పెద్ద వరం. దాన్ని వృథా చేయకూడదు.

ఇంక్యుబేటర్ పని

కొత్త భాషలో వికీపీడియా కావాలంటే ముందు మెటా వికీలో అభ్యర్థన పెట్టాలి. భాషా కమిటీ చూసేవి: ఐఎస్‌ఓ 639 కోడ్ ఉందా, మిగతా భాషల నుంచి తగినంత వేరుగా ఉందా, సజీవంగా మాట్లాడేవాళ్లు ఉన్నారా. మారిషస్ క్రియోల్ కోడ్ ఎంఎఫ్‌ఈ. సీషెల్స్‌కు సీఆర్‌ఎస్, రీయూనియన్‌కు ఆర్‌సీఎఫ్, వేర్వేరు కోడ్లు. 'హిందూ మహాసముద్ర క్రియోల్' పేరుతో అన్నీ కలిపి ఒకటే వికీ పెడితే బలం పెరుగుతుందని ఎవరో ఒకరు ప్రతిసారీ అంటారు. కలపకూడదు. సీషెల్స్‌లో క్రియోల్‌కు సొంత వర్ణక్రమం, సొంత బడి చరిత్ర ఉన్నాయి. కలిపితే ప్రతి వాక్యం దగ్గరా తగవే.

అభ్యర్థన అర్హమైనదని తేలాక పని కొత్త వికీలను పెంచే పరీక్షా సైటు అయిన ఇంక్యుబేటర్‌లో జరుగుతుంది. అక్కడ ప్రతి పేజీ పేరు ముందూ 'డబ్ల్యూపీ, ఏటవాలు గీత, ఎంఎఫ్‌ఈ, ఏటవాలు గీత' అన్న ముందుపదం ఉండాలి. మూసలకు, వర్గాలకు కూడా. వ్యాసంలోని లింకుల్లో సైతం పూర్తి ముందుపదం రాసి, నిలువుగీత తర్వాత కనిపించాల్సిన పేరు రాయాలి. దీన్ని మరచిపోతే లింకు వేరే చోటికి పోతుంది. పేజీ పేరులోనే మరచిపోతే ఆ దిద్దుబాటు మన వికీ లెక్కలోకే రాదు. అందుకే ప్రతి వాడుకరీ మొదటి రోజే అభిరుచుల్లోకి (ఖాతా సెట్టింగుల్లోకి) వెళ్లి పరీక్షావికీ కోడ్‌ను ఎంఎఫ్‌ఈగా పెట్టుకోవాలి. అలా చేస్తే ఇటీవలి మార్పుల్లో మన వికీవి మాత్రమే కనిపిస్తాయి.

ఆమోదానికి అసలు అడ్డంకి వ్యాసాల సంఖ్య కాదు, మనుషులు. కొన్ని నెలలపాటు, ప్రతి నెలా, కనీసం ముగ్గురు వాడుకరులు ఒక్కొక్కరు పదికి పైగా దిద్దుబాట్లు చేస్తూ ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. వినడానికి చిన్నది. కానీ పరీక్షలొస్తే విద్యార్థులు ఆగిపోతారు, డిసెంబరులో సెలవులకు అందరూ పోతారు. ఒక్క నెల ఇద్దరే ఉంటే ఆ వరుస తెగినట్టే. కాబట్టి ముగ్గురు కావాలంటే ఎనిమిది మందిని తయారుచేయాలి. ఒక్కరే నెలకు 400 దిద్దుబాట్లు చేసి మిగతావాళ్లు చూస్తూ కూర్చోవడం ఇక్కడ లెక్కకు ఉపయోగపడదు. పనిని కావాలనే చిన్న ముక్కలు చేసి పంచాలి: ఒకరికి మూలాలు, ఒకరికి వర్గాలు, ఒకరికి దారిమార్పులు, ఒకరికి బొమ్మల కింది రాతలు.

దీనికి సమాంతరంగా ట్రాన్స్‌లేట్‌వికీలో వికీ తెరమీది సందేశాలను అనువదించాలి. కనీసం ఎక్కువగా వాడే సందేశాలన్నీ పూర్తికావాలి. అవి కొన్ని వందలు. ఇక్కడ భాష తెలిసినవాళ్లే చేయాల్సిన నిర్ణయాలు రెండున్నాయి. ఒకటి, వాడుకరిని ఎలా పిలవాలి. క్రియోల్‌లో 'తో' అంటే నువ్వు, 'ఊ' అంటే మీరు. తెలుగు వికీ మీరు అన్నట్టే ఇక్కడా 'ఊ' వాడాలి, అది కూడా అన్ని సందేశాల్లోనూ. ఇద్దరు అనువాదకులు చెరో మాట వాడితే తెర అతుకులబొంతలా ఉంటుంది. రెండోది బహువచనం. నామానికి ముందు 'బాన్' చేర్చితే బహువచనం అవుతుంది, కానీ అంకె ముందున్నప్పుడు అది రాదు. 'ఐదు పేజీలు' అన్నచోట అంకె, నామం ఉంటే సరి. ఫ్రెంచి సందేశం చూసి అనువదించేవాళ్లు బహువచన మూసలో రెండో రూపానికి 'బాన్' తగిలిస్తారు, తెరమీద ప్రతి లెక్కా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఆ మూసలో రెండు రూపాలూ ఒకటే ఇవ్వాలి.

పేజీల రకాలను వేరుచేసే పేరుబరుల పేర్లు, అంటే చర్చ, వాడుకరి, మూస, వర్గం, సహాయం అన్నవి, వికీ తెరవకముందే తేల్చాలి. తర్వాత మార్చితే పాత పేర్లను మారుపేర్లుగా ఉంచుతూ సాంకేతిక బృందాన్ని మళ్లీ అడగాలి.

శాస్త్ర పదాలు

మొక్కలు ఎండతో ఆహారం తయారుచేసుకోవడాన్ని తెలుగు మీడియం పిల్లలు 'కిరణజన్య సంయోగక్రియ' అని నేర్చుకున్నారు. క్రియోల్‌కు అలాంటి పెద్ద పదాలు కొత్తగా పుట్టించే అవసరం లేదు, ఆ తాపత్రయం వికీకి చేటు కూడా. భాషలోని మాటలు చాలావరకు ఫ్రెంచి నుంచి వచ్చినవే కాబట్టి ఫ్రెంచి శాస్త్రపదాన్ని క్రియోల్ వర్ణక్రమంలో రాస్తే అది సహజంగానే ఒదిగిపోతుంది. చిక్కంతా మారిషస్ పిల్లవాడు సైన్సు చదివేది ఇంగ్లీషులో కావడం. అతనికి ఇంగ్లీషు పదం తెలుసు, ఫ్రెంచి ఉచ్చారణ టీవీలో వింటాడు, క్రియోల్ రూపం ఎప్పుడూ చూసి ఉండడు. అందుకే పేజీ పేరు క్రియోల్ రూపం, ఇంగ్లీషు నుంచి దారిమార్పు, మొదటి వాక్యంలోనే ఆ పదం అర్థం మామూలు మాటల్లో.

పదకోశం పేజీ నాలుగు నిలువు వరుసల పట్టికగా ఉండాలి: భావం, ఎంచుకున్న పదం, వద్దనుకున్న పదాలు, ఆధారం. మూడో వరుస చాలామంది వదిలేస్తారు, కానీ దాని వల్లే ఎక్కువ మేలు. అది లేకపోతే ఆరు నెలలకొకసారి అదే చర్చ వికీ ఉమ్మడి చర్చావేదిక అయిన రచ్చబండలో మళ్లీ మొదలవుతుంది. ఆధారానికి మొదట కార్పూరన్ నిఘంటువు, తర్వాత పాఠ్యపుస్తకాలు. రెండింట్లోనూ లేనప్పుడే మన ఎంపిక.

పదాల కంటే వాక్యం ఎక్కువ జారుతుంది. 'మొరిస్ లి ఎన్ లిల్' అంటే మారిషస్ ఒక దీవి. ఈ అల్లిక ప్రతి వ్యాసం మొదటి వాక్యానికీ సరిపోతుంది. రెండో వాక్యం నుంచే ఫ్రెంచి విజ్ఞానసర్వస్వపు గొంతు లోపలికి వస్తుంది: క్రియలను నామాలుగా మార్చి గొలుసుకట్టు చేయడం, ఎవరూ నోటితో అనని కర్మణి వాక్యాలు, మాట్లాడేటప్పుడు వినపడని సంబంధ పదాలు. అక్షరాలు క్రియోల్‌వే, లోపలంతా ఫ్రెంచి. పరీక్ష ఒక్కటే: పేరాను గట్టిగా చదివి, ఫ్రెంచి బాగా రాని పెద్దవాళ్లకు వినిపించాలి. ఎక్కడ 'ఏమన్నావు?' అని అడిగితే అక్కడ తిరగరాయాలి.

ఒక వ్యాసం దగ్గరగా: రవాన్

రవాన్ అంటే సెగాకు ప్రాణమైన వాద్యం. కొయ్య చట్రానికి మేకతోలు బిగించిన పెద్ద, పలచటి డోలు. వాయించే ముందు తోలును మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. దీనితోపాటు చెరకు పుల్లలతో చేసిన పెట్టెలో గింజలు పోసి ఊపే మరవాన్, ఇనుప ముక్కోణం ఉంటాయి. మారిషస్ సంప్రదాయ సెగా 2014లో యునెస్కో అవ్యక్త వారసత్వ జాబితాలో చేరింది. క్రియోల్ వికీలో మొట్టమొదట బాగా రాయాల్సిన వ్యాసాల్లో ఇదొకటి, ఎందుకంటే ఈ విషయం గురించిన మాటలన్నీ క్రియోల్‌లోనే ఉన్నాయి.

రాయడానికి కూర్చున్నాక తెలిసేది మూలాల ఇబ్బంది. తోలు ఎంతసేపు నానబెట్టాలి, ఏ చెట్టు కొయ్య మంచిది, ఎంత కాస్తే ఏ నాదం వస్తుంది అన్నవి చేసేవాళ్ల నోట ఉంటాయి, పుస్తకంలో దొరకవు. వికీపీడియాలో 'ఒక కళాకారుడు చెప్పాడు' అన్నది మూలంగా నిలవదు. ఇక్కడ పని మూడు పాయలుగా విడదీయాలి. యునెస్కోకు ప్రభుత్వం సమర్పించిన నామినేషన్ పత్రం అచ్చైన మూలం. వాద్యం నిర్మాణం, ఎవరు ఎప్పుడు వాయిస్తారు, బానిసత్వ కాలంతో సంబంధం వంటివి అందులోంచి ఉదహరించవచ్చు. రెండోది, తయారీని వీడియో తీసి, ఆ మనిషి రాతపూర్వక అనుమతితో ఉచిత బొమ్మలు, వీడియోల భాండాగారమైన కామన్స్‌లోకి ఎక్కించడం. అది వ్యాసానికి చిత్రణ అవుతుంది, చూసినవాళ్లకు తెలుస్తుంది. మూడోది నెమ్మదిగా సాగే పని: ఆ నోటి జ్ఞానాన్ని స్థానిక సాంస్కృతిక సంస్థో, బడి పత్రికో అచ్చు వేసేలా చూడడం. అచ్చైన తర్వాతే వికీలోకి. ఈ క్రమం తప్పి, తెలిసినదంతా మూలం లేకుండా రాసేస్తే వ్యాసం ముచ్చటగా ఉంటుంది, కానీ భాషా కమిటీ నుంచి పరిశీలించేవాళ్లకు గానీ, రేపు సందేహపడే పాఠకుడికి గానీ చూపించడానికి ఏమీ ఉండదు.

మూలం ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు. ఫ్రెంచి పత్రిక, ఇంగ్లీషు నివేదిక, ఏదైనా సరే. 'క్రియోల్ వికీకి క్రియోల్ మూలాలే కావాలి' అన్న నియమం పెట్టుకుంటే చేతులు కట్టుకున్నట్టే.

ఫ్రెంచి వికీలోని వ్యాసాన్ని అనువదిస్తే దిద్దుబాటు సారాంశంలో మూల వ్యాసం లింకు తప్పనిసరి. ఇది మర్యాద కోసం కాదు, వికీపీడియా రాతలు విడుదలయ్యే సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు షరతు. ఇంక్యుబేటర్‌లో కంటెంట్ ట్రాన్స్‌లేషన్ ఉపకరణం పనిచేయదు కాబట్టి ఆ లింకు దానంతటదే చేరదు, చేత్తో ఇవ్వాలి.

యంత్రం రాసిన క్రియోల్

2024 జూన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌కు ఒకేసారి చేరిన 110 భాషల్లో మారిషస్ క్రియోల్, సీషెల్స్ క్రియోల్, జమైకా పట్వా ఉన్నాయి. దీంతో రోజుకు యాభై వ్యాసాలు దించడం ఎవరికైనా చేతనవుతుంది. అదే భయం. తెలుగు వికీపీడియా 2009-11 ప్రాంతంలో యంత్రం సాయంతో వచ్చిపడిన వందలాది వ్యాసాలను ఏం చేయాలో తెలియక చాలాకాలం మోసింది. తెలుగుకు వాటిని గుర్తుపట్టి ఏరేయగల సముదాయం అప్పటికే ఉంది. ముగ్గురున్న వికీకి ఆ శక్తి ఉండదు.

ఇంకా పెద్ద హెచ్చరిక 2020లో స్కాట్స్ వికీపీడియాలో బయటపడింది. భాష రాని ఒకే వాడుకరి ఏళ్ల తరబడి ఇంగ్లీషు వాక్యాల్లో మాటలు మార్చి వేలకొద్దీ వ్యాసాలు నింపాడు. బయటివాళ్లు అదే స్కాట్స్ అనుకున్నారు. స్కాట్స్ క్రియోల్ కాదు, కానీ పెద్ద భాష పక్కనే ఉండి, మాటలు సగం కలిసే పరిస్థితి అదే. అలాంటి చోట నకిలీ వాక్యం తేలిగ్గా దాక్కుంటుంది. దానికి తోడు ఇప్పుడు వికీలోని రాత భాషా నమూనాలకు మేతగా పోతుంది. తప్పుడు క్రియోల్ వికీలో చేరితే రేపటి యంత్రం దాన్నే ఒప్పుగా నేర్చుకుంటుంది.

కాబట్టి కట్టుబాట్లు: ఒక్కరు ఒక్క రోజున ఒక్క అనువాద వ్యాసమే చేర్చాలి. యంత్రపు ముసాయిదా వాడితే చర్చ పేజీలో మూస పెట్టాలి, మరో వాడుకరి చదివి తీసేవరకు అది ఉండాలి. వారానికొకసారి వెతుకుపెట్టెలో 'ఇన్‌సోర్స్' అన్వేషణతో (పేజీ మూలపాఠంలోని అక్షరాలను వెతికేది) 'హెచ్' లేని 'సి', 'క్యూ', నెత్తిన గుర్తున్న అక్షరాలు, అపాస్ట్రఫీలు ఉన్న పేజీలను తీయాలి. పేర్లు, ఉల్లేఖనలు పోగా మిగిలినవి దాదాపు అన్నీ ఫ్రెంచి నుంచి జారిపడిన ముక్కలే. ఈ ఒక్క వెతుకులాట ఇచ్చినంత ఫలితం మరే పద్ధతీ ఇవ్వదు.

శిక్షణ శిబిరం

మూడు గంటలు చాలు, పన్నెండు మందికి మించకూడదు. వికీపీడియా ఒకే ఐపీ చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాల కంటే ఎక్కువ తెరవనివ్వదు. బడి వైఫైలో పన్నెండు మంది కూర్చుంటే ఏడోవాడి దగ్గరే ఆగిపోతుంది, శిబిరం అక్కడే చల్లబడుతుంది. ముందురోజు ఇళ్లలో ఖాతాలు తెరుచుకుని రమ్మనాలి, లేదా ముందుగా సాంకేతిక అభ్యర్థనలు పెట్టే ఫ్యాబ్రికేటర్‌లో ఆ ఐపీకి మినహాయింపు అడగాలి. కొత్తవాళ్లు మూలం లింకు చేర్చగానే క్యాప్చా వస్తుంది. దాన్ని చూసి ఏదో తప్పు చేశామనుకుంటారు, ముందే చెప్పి ఉంచాలి.

మొదటి గంటలో కొత్త పేజీ సృష్టించనివ్వకూడదు. ఉన్న వ్యాసంలో 'ఎన్'లు సరిచేయడం, ఒక మూలం చేర్చడం, ఒక లింకుకు ముందుపదం తగిలించడం. ఆ తర్వాత ఇద్దరికొక పేరా. ఊరు, పండుగ, వంట ఏదైనా సరే, కానీ ముందుగా మూలం అచ్చు తీసి చేతికిచ్చి ఉండాలి. 'మీకు ఇష్టమైన విషయం రాయండి' అంటే ఇష్టమైన పాటగాడి మీద మూలం లేని పొగడ్త వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మారిషస్‌లో క్రియోల్ అన్న పేరు భాషకూ ఉంది, ఒక సముదాయానికీ ఉంది. భాష మాత్రం అందరిది. వికీ వాడుకరులు, విషయాలు ఒక్క సముదాయం చుట్టూనే తిరిగితే మిగతావాళ్లు ఇది మనది కాదనుకుంటారు. భారతీయ కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్, పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండ, చైనీయుల దుకాణాలు, భోజ్‌పురి గీత్ గవాయ్ పెళ్లిపాటలు అన్నీ మొదటి 300లో ఉండాలి.

తెలుగువారికి ఇక్కడ స్వయంగా పని ఉంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల సంతానం ఈ రోజు క్రియోల్ మాట్లాడుతూనే ఉగాది చేసుకుంటుంది, ఉగాది అక్కడ జాతీయ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగాయి. బడిలో క్రియోల్‌కు కేటాయించింది తెలుగు, హిందీ, తమిళం, ఉర్దూ వంటి భాషలున్న ఐచ్ఛిక తరగతినే. అందువల్ల క్రియోల్ ఎంచుకుంటే తాతల భాష పోతుందన్న బెంగ కొన్ని ఇళ్లలో ఉంది. మారిషస్ తెలుగువారి మీద క్రియోల్‌లో మంచి వ్యాసం ఉంటే ఆ రెండు భాషలు ఒకదాని చోటు ఒకటి లాక్కోవని కనిపిస్తుంది. దానికి కావాల్సిన మూలాల్లో కొన్ని తెలుగులోనే అచ్చయ్యాయి: మహాసభల సంచికలు, యాత్రాకథనాలు, వలసల మీద పరిశోధనలు. వాటిని వెతికి, పుటల సంఖ్యతో సహా పూర్తి వివరం ఇవ్వడం ఇక్కడి తెలుగు వికీపీడియన్లు చేయగలిగిన సాయం. రాసేది మాత్రం అక్కడివాళ్లే రాయాలి.

వికీ తెరిచిన వారం

కమిటీ ఆమోదానికి ముందు, ఆ పేజీల్లో ఉన్నది నిజంగా ఆ భాషేనా అని బయటి నిపుణుడి చేత నిర్ధారిస్తారు. తర్వాత కొత్త సైటు తెరుస్తారు, పేజీలను ముందుపదం తీసి దిగుమతి చేస్తారు. ఫ్రెంచి గయానా క్రియోల్ 2019లో ఇదే దారిలో ఇంక్యుబేటర్ దాటి బయటికొచ్చింది.

దిగుమతిలో ప్రతిదీ సవ్యంగా రాదు. మూసల లోపల, పట్టికల్లో రాసిన ముందుపదాలు కొన్ని అలాగే మిగులుతాయి, లేని పేజీలకు పోయే ఎర్రలింకులవుతాయి. మొదటి రోజే వాటిని వెతికి తీయాలి. వేరే భాషల వికీలకు పోయే అంతరవికీ లింకులు ఉండవు. ప్రతి వ్యాసాన్నీ వికీడేటాలో (అన్ని భాషల వికీలనూ కలిపే సమాచార నిధిలో) దాని అంశానికి జతచేయాలి. ఇంక్యుబేటర్‌లో ఉన్నప్పుడే ప్రతి పేజీ చివర ఆ అంశం గుర్తింపు సంఖ్యను (క్యూ-సంఖ్యను) వ్యాఖ్యగా రాసిపెట్టుకుంటే 300 పేజీలను రెండు మూడు సాయంత్రాల్లో జతచేయవచ్చు. లేకపోతే ఒక్కోటి వెతుక్కోవాలి. స్థానిక రచ్చబండలో నిర్వాహకత్వానికి ఓటింగు పెట్టి అన్ని వికీల మీదా హక్కులుండే స్టివార్డులను అడిగితే, చిన్న వికీలకు గడువుతో తాత్కాలిక హక్కులే ఇస్తారు. గడువు తేదీని మొదటి పేజీ చర్చలో రాసి ఉంచి, తీరకముందే మళ్లీ ఓటింగు పెట్టాలి. ఒకరికే కాకుండా ఇద్దరికి అడగాలి. బాటులకు మొదటి ఏడాది అనుమతి ఇవ్వకూడదు. దారిమార్పులు సృష్టించేది, వికీడేటా లింకులు చూసేది మాత్రం మినహాయింపు.

ఆఖరుగా వికీలను ఇంటర్నెట్ లేకుండా చదివించే కివిక్స్ చేత ఆఫ్‌లైన్ ప్రతి తీయించి, బడుల కంప్యూటర్లలో, రొడ్రిగ్స్‌కు పంపే పెన్‌డ్రైవుల్లో పెట్టాలి. మూడొందల వ్యాసాల ఫైలు చిన్నదే అవుతుంది. తీసిన తేదీ ఫైలు పేరులో ఉంచి, ఏడాదికి రెండుసార్లు కొత్త ప్రతి పంపాలి.